తూకం

పందేనికి ముందురోజు
పడవలోంచి ఇల్లు దించినాం.
రెండు చాపలు, నీళ్ళ బిందె, ఉప్పుచేపల బుట్ట,
లాంతరు, పిల్లోడి పలక,
ఎవురో మరిచిపోయిన ఒంటి చెప్పు,
ఏడేళ్ళుగా అడుగున దొర్లుతా ఉండే పొత్రం.
దించేకొద్దీ పడవ
బెత్తెడు బెత్తెడు నీళ్ళలోంచి లేచింది,
తలంటుకున్న ముసలామె మాదిరి.

అన్నీ దించినాం గానీ
అమరం కాడ మూడిటికల పొయ్యిని మాత్రం
మా అత్త సెంగమ్మ ముట్టుకోనీలా.
"అది పడవది కాదు, నాది" అన్నది.

భీములవారిపాలెం రేవులో తొమ్మిది పడవలు.
ఎనిమిది ఫైబరువి, కొత్తవి,
పెళ్ళిచూపుల్లో కూచున్నట్టు కదలకుండా, సన్నంగా.
మాది కొయ్య. తారు వాసన.
ఇరకం దీవికి
రేషన్ బియ్యాన్ని, పంతులమ్మని, నొప్పులొచ్చిన కోడళ్ళని
మోసి మోసి నడుం వెడల్పయిన పడవ.
సంఘం గుమాస్తా తంగవేలు చీటీ చదివినాడు:
"బరువు పడవ గనక నాలుగు నిమిషాలు ముందు."
ఎనిమిది పడవలూ నవ్వినాయి.
మా బావ ఏకాంబరం చెవులు ఎర్రబడినాయి.
"అందరితోనే పోతాం" అన్నాడు.
ఆ నాలుగు నిమిషాలు
ఇంకా గుమాస్తా జేబులోనే ఉండాయి.

నా పని చెప్పలేదు గదా.
బావది చుక్కాని, మా ఆయనది మోకు,
పిల్లోడు గురవ నీళ్ళు తోడాల.
నేను బరువు.
గాలి ఒక పక్కకి తోస్తే ఇంకో పక్క
అంచు మీద కూచోని వెనక్కి వాలాల.
డెబ్బై ఎనిమిది కిలోలు.
ఆస్పత్రిలో, బస్సు సీట్లో
తలొంచుకోని చెప్పుకున్న అంకె.
ఆ పొద్దున బావ గట్టిగా అడిగినాడు,
గట్టిగానే చెప్పినా.
"చాలదు, గురవణ్ణి గూడా పక్కన పెట్టుకో."
జన్మలో నా బరువు చాలలేదన్న మనిషి
ఆయనొక్కడే.

విజిల్ వేసినప్పుడు గాలి లేదు.
తెరచాప ఆరేసిన చీర మాదిరి వేలాడింది.
ఉన్న కాస్త ఊపిరికే సన్న పడవలు ముందుకి జారినాయి,
వాటి వీపులు చూస్తా అరగంట కూచున్నాం.
గట్టు మీద జనం మమ్మల్ని కాదు,
కొంగల్ని చూస్తా ఉండారు.

అప్పుడొచ్చింది వాడగాలి.
ముందు నీళ్ళ మీద నలుపు,
తర్వాత చెవిలో చల్లన,
తర్వాత మోకు బిగిసి మా ఆయన అరిచేతిలో కూసింది.
సన్న పడవలు జంకి చాపలు సగానికి దించుకున్నాయి.
మాది మాత్రం
ఆకలేసిన ఎద్దు ఇంటి దారి పట్టినట్టు
తల వంచి పోయింది.
నా ఈపుకీ నీళ్ళకీ జానెడు.
కొప్పు ఊడి పులికాట్‌లో తడిసింది.
ఒకటి, మూడు, ఆరు పడవలు వెనకబడినాయి,
గురవ ఒక్కోదాన్నీ పేరు పెట్టి సాగనంపినాడు.

మలుపు వెదురు కాడ
నీళ్ళ మీద చిన్న కొయ్యలు.
ఎవురిదో పీతల వల, రాత్రి కట్టింది.
మీదుగా పోతే మూడోవాళ్ళం.
బావ నా మొహం చూసినాడు,
నేను కొయ్యల్ని చూసినా.
చుట్టూ పోయినాం.
రెండు పడవలు మీదుగానే పోయినాయి.
తెగిన చప్పుడు గూడా రాలా.

మొదటి దానికి మిక్సీ, రెండో దానికి కుక్కరు,
మూడో దానికి స్టీలు బకెట్టు.
ఐదో దానికి తంగవేలు చెయ్యి ఊపినాడు.

సందకాడ ఇరకానికి బాడుగ:
పదకొండు మంది, రెండు మేకలు, ఒక గ్యాసు బండ.
పడవ మళ్ళీ తన గీత దాకా దిగింది,
గాలి ఇంకా పెరిగింది.
అప్పుడు చూడాల దాని పోకడ.
వెదురు లేదు, విజిల్ లేదు,
దూరంగా షార్ దీపాలు ఒక్కోటే వెలుగుతా ఉంటే
మేకలు గూడా నోరు మూసుకోని గాలికి నిలబడినాయి.
నేను నడిమధ్య కూచున్నా.
ఇప్పుడు నా బరువుతో ఎవురికీ పని లేదు.
అయినా అలవాటుగా
అల వచ్చినప్పుడల్లా వెనక్కి వాలినా.

అత్త మోకాలి లోతు నీళ్ళలో నిలబడుంది.
"ఎన్నోది?"
"ఐదు."
"పొయ్యి తడిసిందా?"
"లేదు."
కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె తీసుకోని
పడవెక్కింది.